గుండీలే మిగిలాయి

మా అత్తయ్య బట్టలు కుడుతుంది. నేను నవలలు రాస్తాను. ఇద్దరిదీ ఒకటే గది, మధ్యలో ఒక పూల కర్టెను. అటు ఆవిడ కుట్టుమిషను, ఇటు నా కంప్యూటరు. అటువైపు రోజంతా టకటకలాడుతూనే ఉంటుంది. ఇటువైపు చప్పుడు తక్కువ. అసలు లేదనే చెప్పాలి గానీ మా ఆయన ముందు ఆ మాట ఒప్పుకోను.

నా పుస్తకాలు ఏ ప్రచురణకర్తా వేయడు. నేనే రాసి, నేనే అచ్చేయించి, నేనే అట్టపెట్టెల్లో సర్ది పోస్టులో పంపుకుంటాను. నా కథానాయకుడు తుమ్ముల డిటెక్టివు. ఎదుటివాడు అబద్ధమాడితే ఆయనకి తుమ్మొస్తుంది. నవ్వకండి. ఆ తుమ్ములతోనే రెండు నవలలు లాగాను, రెండూ జనం కొని చదివారు. జనం అంటే మరీ జనం కాదు, ఒక బస్సులో పట్టేంతమంది. ఆ బస్సెడుమందే నాకు ప్రచురణకర్త, పత్రిక, అవార్డుల కమిటీ, అన్నీను. వాళ్ళు పోతే నేను పోయినట్టే.

రెండో నవల చివర్లో ఒళ్ళు తెలియని ఉత్సాహంలో డిటెక్టివును ఐస్ ఫ్యాక్టరీ చలిగదిలోకి తోసి, బయట తాళం వేయించి, లోపలి పిడి విరగ్గొట్టి, మిగతాది మూడో భాగంలో అని రాసి పారేశాను. ఆరోజు నాకు పట్టపగ్గాల్లేవు. ఎలా బయటికి తీయాలో తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నాను. ఏడాది దాటిపోయింది. ఆయన ఇంకా లోపలే ఉన్నాడు.

దానికి తోడు ప్రగతి నివేదిక ఒకటి. సొంతంగా పుస్తకాలు వేసుకునేవాళ్ళంతా పెడుతున్నారు కదా అని నేనూ ప్రతి సోమవారం పాఠకుల గ్రూపులో పెట్టడం మొదలెట్టాను. తుమ్ముల డిటెక్టివు మూడో భాగం, పది శాతం పూర్తి. దయ్యాల కథలు, ఆలోచన దశలో. వంటింట్లో హత్య, పేరు ఖరారు. వంటింట్లో హత్యకి నిజంగానే పేరు ఖరారైంది, అందులో నాకే పాపమూ లేదు. వచ్చిన చిక్కల్లా ఆ పది శాతంతోనే. అప్పటికి ఒక్క పేజీ కూడా లేదు. పోనీ పది పెట్టాక పైవారం కూడా పదే పెడితే ఏం బాగుంటుంది? పదిహేను పెట్టాను. పెంచడం చాలా తేలిక, వేలితో ఒక నొక్కు నొక్కితే చాలు. తగ్గించడానికే మొహం చెల్లదు. అలా అలా మొన్న సోమవారానికి తొంభై అయి కూర్చుంది.

ఈ విద్య నాకెక్కడ అబ్బిందో వేరే చెప్పాలా? కర్టెనుకి అటువైపు నుంచే. గుమ్మంలోకి ఎవరొచ్చి "అయిందా అండీ?" అని అడిగినా, అత్తయ్య తల ఎత్తకుండా ఒకే మాట అంటుంది. "అయిపోయింది, గుండీలే మిగిలాయి. రేపు సాయంత్రం రండి." అప్పటికి బట్ట కత్తిరించి కూడా ఉండదు. ఒక్కోసారి బట్ట ఎక్కడుందో ఆవిడకే తెలీదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో, "నీకో నీలం కోటు కుడతానే, నీ పుస్తకాల సభలకి దర్జాగా వేసుకెళ్దువుగాని" అంది. ఆ కోటుకీ ఇప్పటిదాకా గుండీలే మిగిలాయి.

మొన్న నేను పోస్టాఫీసు నుంచి వచ్చేసరికి అత్తయ్య తాపీగా చొక్కా కాలరు తిరగేస్తోంది.

"నీకోసం ఎవరో పళ్ళ డాక్టరమ్మ వచ్చింది" అంది.

ఆవిడ నా పాఠకుల్లో పెద్ద దిక్కు. నా పుస్తకాలు తన ఆసుపత్రిలో బల్ల మీద పెట్టి, పళ్ళు పట్టుకుని కూర్చున్నవాళ్ళ చేత బలవంతంగా చదివిస్తుంది. నోరు తెరవలేని మనుషుల దగ్గర మంచి పేరు రావడం ఎంత సుఖమో మీకు తెలీదు.

"వచ్చి?"

"ఆ తుమ్ముల పుస్తకం అయిందా అని అడిగింది."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? అయిపోయింది, గుండీలే మిగిలాయి, రేపు సాయంత్రం రమ్మన్నాను."

"నవలకి గుండీలేమిటి అత్తయ్యా!"

"ఆవిడ అడగలేదే" అంది అత్తయ్య.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న అట్టపెట్టెను నేలకేసి కొట్టాను. ఖాళీది కాబట్టి పెద్ద చప్పుడేం కాలేదు, దాంతో ఇంకా మండింది. "కాలేదని చెప్తే మీ సొమ్మేం పోయింది?" అని అరిచాను.

"అరవకే. గుమ్మంలో నిలబడి అయిందా అని అడిగినవాళ్ళతో కాలేదనడం నా నోటికి రాదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు. పాపం, అంత ఆశగా అడుగుతుంటే ఎలా అంటాం?" అని సూదిలోకి దారం ఎక్కించుకుంది.

ఇంతలో ఫోను గజగజ వణకడం మొదలెట్టింది. గ్రూపులో పళ్ళ డాక్టరమ్మ రాసిపారేసింది. 'శుభవార్త! మూడో భాగం పూర్తయిందని రచయిత్రి గారి అత్తగారు స్వయంగా చెప్పారు. చిన్న చిన్న మెరుగులే మిగిలాయట. రేపు సాయంత్రం వాళ్ళింట్లోనే. కేకు నేను తెస్తున్నాను.' కింద వరసగా చప్పట్లు. కాదని రాయబోయి ఆగిపోయాను. తొంభై అని చెప్పిందే నేను. తొంభై శాతం అయినదానికి గుండీలు కాక ఇంకేం మిగులుతాయి?

మర్నాడు పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చున్నాను. 'మూడో భాగం' అని రాసి, అక్షరాలు పెద్దవి చేశాను. తర్వాత మధ్యకి జరిపాను. బాగా వచ్చింది. ఇక ఆయన్ని బయటికి తీయాలి. గోడకి కన్నం పెట్టిద్దామంటే చేతిలో పనిముట్టు లేదు. అరిపిద్దామంటే ఆ గోడల మందం గురించి రెండో భాగంలో రెండు పేజీలు నేనే వర్ణించి చచ్చాను.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పనిలోకి బయల్దేరుతూ నా మొహం చూసి ఆగాడు. "లిఫ్టులో ఇరుక్కుని ఉంటే చిటికెలో తీసేవాణ్ణి" అన్నాడు.

"ఐస్ ఫ్యాక్టరీ అండీ. లిఫ్టు కాదు."

"అది కాదోయ్, అసలు ఫ్యాక్టరీ అన్నాక..."

"మీ లిఫ్టుల సంగతి మీరు చూసుకోండి. సాహిత్యం జోలికి రాకండి!" అని కసిరాను. పాపం, సంచీ భుజానేసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం వాళ్ళు రానే వచ్చారు. ముందు పళ్ళ డాక్టరమ్మ, చేతిలో పంచదార వేయని కేకు. వెనక బస్సు కండక్టరు, ఇంకా యూనిఫారంలోనే ఉన్నాడు. వాళ్ళ వెనక మెల్లగా మెట్లెక్కుతూ ముసలి దంపతులు. వీళ్ళు ఒక్క పుస్తకమే కొని మధ్యకి చింపుకుంటారు. మొదటి సగం ఆయన చదువుతాడు, రెండో సగం ఆవిడ చదువుతుంది, తర్వాత ఒకరికొకరు చెప్పుకోవాలనుకుంటారు, మర్చిపోతారు. ఆయనకి హంతకులెవరో తెలీదు, ఆవిడకి చచ్చిందెవరో తెలీదు, అయినా ఇద్దరికీ నేనంటే ప్రాణం.

కుర్చీలు చాలక కొందరు బట్టల మూటల మీద కూర్చున్నారు. గదంతా నూలు దుమ్ము లేచింది. అత్తయ్య నన్ను ఒకసారి చూసి, మెడలో టేపు సర్దుకుని లేచింది.

"ఇవాళ ట్రయలు మాత్రమేనండీ" అంది. "వదులుగా కుట్టింది ఒకసారి వేసి చూస్తాం. ఎక్కడ బిగువుందో, ఎక్కడ వదులుందో మీరే చెప్పాలి. తర్వాతే గట్టి కుట్టు."

"ఆహా, ఎంత మంచి పద్ధతి!" అంది పళ్ళ డాక్టరమ్మ. "చదవండి మరి. ఎంతవరకు వచ్చింది?"

"తొంభై శాతం అయింది" అన్నాను.

"హాచ్!" అని తుమ్మాడు కండక్టరు.

గదిలో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. తర్వాత నా వైపు తిరిగాయి.

"క్షమించండి, నాకు దుమ్ము పడదు" అన్నాడాయన ముక్కు తుడుచుకుంటూ.

"అంటే... ఎనభై అనుకోండి" అన్నాను.

"హాచ్!"

"కొన్ని అధ్యాయాలు తిరగరాయాలి. అరవై."

"హా... హాచ్!"

ముసలాయన నోరు తెరుచుకుని ఒకసారి కండక్టరునీ, ఒకసారి నన్నూ చూస్తున్నాడు. పళ్ళ డాక్టరమ్మ కేకు కోస్తున్న కత్తి గాల్లోనే ఆగిపోయింది. నాకు కోపం తన్నుకొచ్చింది. "ఏమయ్యా, నీకేమైనా బుద్ధుందా? సరే, ముప్పై!"

"హాచ్! అమ్మా, నేను కావాలని కాదమ్మా, హాచ్!"

"పది! ఐదు! పోనీ, సున్నా! సున్నా శాతం! ఒక్క ముక్క కూడా రాయలేదు, చాలా?"

కండక్టరు ముక్కు ఎగబీల్చాడు. కళ్ళు మూశాడు. అందరం ఊపిరి బిగబట్టి చూశాం. తుమ్ము రాలేదు.

ఇంకేముంది, కొంప మునిగింది. పళ్ళ డాక్టరమ్మ కత్తి బల్ల మీద పెట్టి హ్యాండుబ్యాగు తీసుకుంది. ఆవిడ గుమ్మం దాటితే గ్రూపంతా ఆవిడ వెనకే దాటుతుంది.

"వాణ్ణి ఆ గదిలో పెట్టి తాళం వేసింది నేనే" అన్నాను. "ఎలా తీయాలో నాకు తెలీదండీ. మొదట్లో చెప్పడానికి సిగ్గేసింది, తర్వాత భయమేసింది. మీరంతా వెళ్ళిపోతారని. నాకు మీరు తప్ప ఎవరున్నారు చదవడానికి?" ఇక ఆగలేదు, గట్టిగానే ఏడ్చాను.

"నా దగ్గరకొచ్చేవాళ్ళూ ఇంతే. నొప్పి పెట్టే పన్ను తప్ప మిగతావన్నీ చూపిస్తారు" అని పళ్ళ డాక్టరమ్మ బ్యాగు మళ్ళీ కింద పెట్టింది. "ముందే చెప్తే ఇంత వాచేది కాదు కదమ్మా. కూర్చో. కేకు తిను."

ఆ కేకు అట్టముక్కలా ఉంది. జన్మలో అంత ఇష్టంగా ఏదీ తినలేదు.

అప్పుడు ముసలావిడ నెమ్మదిగా గొంతు సవరించుకుంది. "నాకు ఆఖరి సగమే తెలుసు, తప్పయితే ఏమనుకోకమ్మా. అంత చలిలో ఉంటే ఆయనకి జలుబు చేయదూ?"

"చేస్తుంది" అన్నాను.

"జలుబు చేస్తే ఊరికే తుమ్ములొస్తాయిగా. అప్పుడు ఎవరు నిజం చెప్తున్నారో, ఎవరు అబద్ధం చెప్తున్నారో ఆయనకెలా తెలుస్తుంది?"

నేను నోరెళ్ళబెట్టాను. మూడో భాగం మొత్తం నా కళ్ళ ముందు నిలబడింది. ప్రపంచంలో ప్రతి మాటకీ తుమ్మే డిటెక్టివు, ఎవర్నీ నమ్మలేడు, నమ్మకుండా ఉండలేడు! అందరూ ఒక్కసారిగా మాట్లాడడం మొదలెట్టారు. కండక్టరు, ఆయనకి ఒక బస్సు ప్రయాణం పెట్టమన్నాడు. ముసలాయన, ముందు ఇందులో చచ్చేదెవరో చెప్పమన్నాడు. అత్తయ్య చేతిలో గుండుసూదులు పట్టుకుని, "అక్కడ వదులుగా ఉంది, కాస్త పట్టండి" అంటూ తిరుగుతోంది.

"అన్నీ బాగానే ఉన్నాయి, మరి ఆ గదిలోంచి బయటికెలా వస్తాడు?" అన్నాను.

అప్పుడే పని నుంచి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్న మా ఆయన తలెత్తాడు. "పొద్దున్న చెప్పబోతే కసిరావు. ఫ్యాక్టరీ అన్నాక తెల్లారాక తలుపు తీయరా? ఐసు పట్టుకెళ్ళడానికి ఎవరో ఒకరు రారా?"

ఏడాది పైగా ఆ మనిషిని చలిలో నిలబెట్టి చంపుకుతిన్నాను. ఇంకో ముక్క కేకు తీసుకుని మా ఆయన చేతిలో పెట్టాను.

వాళ్ళు వెళ్ళిపోయాక గ్రూపులో రాశాను. 'మూడో భాగం, సున్నా శాతం. ఈసారి నిజం.' ఎప్పుడూ రానన్ని చప్పట్లు వచ్చాయి. సంతోషంగా చెబుదామని కర్టెను తప్పించి చూస్తే, అత్తయ్య మిషను ముందు ఊరికే కూర్చుని ఉంది.

"ఏమైంది అత్తయ్యా?"

ఆవిడ బీరువా అడుగున చెయ్యి పెట్టి ఒక కాగితం పొట్లం తీసి నా ముందు పెట్టింది. దుకాణంవాడు కట్టిన దారం ముడి కూడా విప్పలేదు. లోపల నీలం కోటు బట్ట, పెట్టిన మడతలు పెట్టినట్టే ఉంది.

"నాదీ సున్నాయేనే" అంది, నేల చూపులు చూస్తూ.

అరుద్దామనుకున్నాను. నవ్వొచ్చేసింది. అత్తయ్యకీ వచ్చింది. ఇద్దరం మిషను మీద వాలిపోయి, కడుపు పట్టుకుని నవ్వాం. తర్వాత ఆవిడ కళ్ళు తుడుచుకుని మెడలోంచి టేపు తీసింది. "నిలబడు. చేతులు చాపు. అప్పటి నడుముకీ ఇప్పటి నడుముకీ..."

"నడుము గురించి మాట్లాడకండి" అన్నాను.

ఆవిడ బట్ట పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తెర పెట్టింది. కరకరమని తెగుతుంటే నీలం నూగు గదంతా లేచింది. నేను నా వైపుకి వచ్చి మొదటి వాక్యం రాసుకుంటున్నాను. గుమ్మంలో ఎవరిదో గొంతు వినిపించింది.

"నా ప్యాంటు అయిందా అండీ?"

కత్తెర ఆగింది. "అయిపోయింది బాబూ, గుండీ..." అని అత్తయ్య అందుకుంటుండగా ఆ నూగు నా ముక్కులో దూరింది.

"హాచ్!"

కర్టెనుకి అటునుంచి అత్తయ్య గొంతు, ఇన్నేళ్ళలో నేనెప్పుడూ వినని గొంతు, చాలా కష్టం మీద బయటికొచ్చింది. "కాలేదు బాబూ. ఇంకా కత్తిరించనే లేదు."

గుమ్మంలో మనిషి కంగారుగా ఒకడుగు లోపలికి వేశాడు.

"అయ్యయ్యో, ఒంట్లో బాగానే ఉందా అండీ?"