నోట్లో దారం

"మెడ అన్నాక ఆమాత్రం నొప్పి పెట్టదా?" అన్నాడు భర్త, అద్దంలో మీసం చూసుకుంటూ. ఆమె ఆయన చొక్కాకే ఇస్త్రీ చేస్తోంది. తలగడ మార్చమన్నది ఆయనే. ఫోన్ చూడ్డం తగ్గించమన్నదీ ఆయనే, తన చేతిలో ఫోన్ దించకుండా. అత్తగారైతే "మా కాలంలో మాకు మెడలు లేవేమిటే?" అనేసింది. ఏళ్ళ తరబడి వినీ వినీ, నేనే గోరంతని కొండంత చేస్తున్నానేమో అని చివరికి ఆమెకే అనుమానం పట్టుకుంది. నొప్పి ఒక బాధైతే, ఆ అనుమానం దాని తల తన్నే బాధ.

వీధిలో అందరికీ ఆమె పార్లరమ్మ. ఇంటి ముందుగదిలో ఒక కుర్చీ, ఒక అద్దం, ఒక దారపు రీలు, అంతే పార్లర్. కనుబొమ్మలు తీయాలంటే దారం కొస పళ్ళ మధ్య బిగించి, మిగతాది రెండు చేతుల్లో మెలితిప్పి, తల వెనక్కి విదిలిస్తూ లాగాలి. అందరూ చేతుల్నే చూస్తారు. లాగేది మెడ అని ఎవరికి తెలుసు? "కూర్చున్నవాళ్ళ మొహాలు చూడ్డం కూడా ఒక పనేనా!" అని భర్త నలుగురిలో జోకేస్తే ఆమె కూడా నవ్వేది. ఖర్మ, నవ్వకపోతే ఏమనుకుంటారో అని.

వీధి చివర డాక్టరు చెప్పిన వ్యాయామాలు చేసింది, ఇచ్చిన మాత్రలు మింగింది. తగ్గకపోతే ఆ డాక్టరే ఆమెని నొప్పులు చూసే డాక్టరమ్మ దగ్గరికి పంపాడు.

"ఏం పని చేస్తారు?"

"పనేం లేదండీ, కనుబొమ్మలు తీస్తాను."

"ఎలా తీస్తారో చూపించండి."

ఆమె సిగ్గుపడుతూనే సంచిలోంచి దారం తీసి, కొస పళ్ళకి పట్టించి, గాలిలో లేని కనుబొమ్మని లాగింది. డాక్టరమ్మ వెనక నిలబడి మెడ మీద చెయ్యేసి, "మళ్ళీ... ఇంకోసారి..." అంది. తర్వాత పడుకోబెట్టి స్కాన్ చేసి తెర చూపించింది. "ఇది స్నాయువు. కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది. తల వెనక ఇక్కడ చూడండి, పీచులు పీచులుగా లేచిపోయింది. ఇన్నాళ్ళూ ఎలా భరించారండీ?"

దారం పీచులు లేవడమంటే ఆమెకి ఒకరు చెప్పాలా! చేతిలో దారమైతే తెంపి అవతల పారేసేది. ఆ తెర వంక చూస్తూ భోరుమంది.

"భయపడకండి."

"భయం కాదు డాక్టరమ్మా. ఉంది కదా... నిజంగానే ఉంది కదా!"

డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆమె రక్తమే కాస్త తీసి, యంత్రంలో గిర్రున తిప్పి, గాయం మాన్పే భాగాన్ని వేరుచేసి, స్కాన్‌లో చూసుకుంటూ సరిగ్గా అక్కడే ఇంజెక్షన్ చేస్తారు. అందరికీ పనిచేస్తుందన్న హామీ లేదు. గుణం నెమ్మదిగా కనిపించాలి. "నెలన్నర దాకా దారం నోట పెట్టకూడదు, బరువులెత్తకూడదు. పని ఆపకపోతే ఇదంతా దండగ."

"నీ రక్తం నీకే ఎక్కించుకోడానికి డాక్టరెందుకే?" అని అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. అయినా ఆమె వెళ్ళి వేయించుకుని వచ్చింది.

ఆ సాయంత్రమే భర్త అన్నాడు: "వచ్చే నెల చిన్నీ పెళ్ళికల్లా తగ్గిపోతుందిలే. పెళ్ళివారి తరపు ఆడవాళ్ళందరికీ నువ్వే చేస్తావని మాటిచ్చేశాను." చిన్నీ ఆయన చెల్లెలు, ఇంకో ఊళ్ళో ఉద్యోగం. చేస్తే మెడ పోతుంది, చేయనంటే ఆడపడుచు పెళ్ళిలో మాట పడాలి. అన్నం కలుపుతూ, కంచం కడుగుతూ, అదే ఆలోచన. చివరికి చేతులు తుడుచుకుని చిన్నీకి ఫోన్ చేసింది.

"చిన్నీ, ఏమీ అనుకోకమ్మా. నీ పెళ్ళికి చుట్టంలా వచ్చి కూర్చుంటాను. దారం మాత్రం పట్టుకోను."

అవతల చిన్నీ వెంటనే అందుకుంది.

"అమ్మయ్య! నేనెప్పుడో ఇక్కడి పార్లర్ వాళ్ళకి చెప్పుకున్నాను వదినా. అన్నయ్యే వాళ్ళని మాన్పించెయ్యమన్నాడు. నీకు సరదా అట, కాదంటే చిన్నబుచ్చుకుంటావట!"

ఫోన్ పెట్టేసరికి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే, విచిత్రం, ఒళ్ళంతా తేలికైపోయింది. పెళ్ళిలో ఆమెని దారం పట్టమని అసలు అడిగినవాళ్ళే లేరు! తిన్నగా హాల్లోకి నడిచింది.

"నాకు సరదా అని చిన్నీకి మీరు చెప్పారట?"

టీవీ చూస్తున్న ఆయన తడబడ్డాడు. "నువ్వెప్పుడూ కాదనలేదుగా!"

"మీరెప్పుడూ అడగలేదుగా. వాళ్ళ పార్లర్ వాళ్ళే చేస్తారు, మాట్లాడేశాను. నా పార్లర్‌కి కూడా నెలన్నర సెలవు."

లోపల్నుంచి వచ్చిన అత్తగారు, "మరి ఇంట్లో బరువులెవరు మోస్తారే?" అంది.

"మీ అబ్బాయి ఉన్నారుగా అత్తయ్యా," అని ఆమె స్నానాలగది ముందున్న తడిబట్టల బకెట్టు చూపించింది. గొంతు పెంచలేదు. ఆయన లేచాడు. తల్లి వంక చూశాడు, బకెట్టు వంక చూశాడు, మూలుగుతూ ఎత్తాడు. నాలుగడుగులు వేసి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఇవి... ఎక్కడ ఆరేస్తాం మనం?"

ఆమెకి నవ్వాగలేదు. ఎవరేమనుకుంటారో అన్న నవ్వు కాదది. మెడ కలుక్కుమంది, అయినా కడుపారా నవ్వింది.