పెద్దాయన కళ్ళు

బనియను అంచుతో కుడికన్ను తుడిచి, దాని మీద ఒకసారి ఊది, బాబాయి ఎడమకన్ను అందుకున్నాడు. కళ్ళంటే ఆయనవి కావు లెండి. ఆయన కళ్ళు వారం రోజులుగా నిద్రలేక గుంటలు పడి ఉన్నాయి, వాటినెవరు పట్టించుకుంటారు? ఇవి పెద్దాయన కళ్ళు. టీవీ సీరియల్లో మనుషుల్ని సొరంగాల్లోకి తరిమికొట్టిన తెలివిమీరిన యంత్రాలన్నిటికీ రాజు ఈ పెద్దాయన. తల రేకుది, ఛాతీ థర్మకోల్‌ది, ఇనుమన్నది పైన పూసిన రంగులో మాత్రమే ఉంది. టీవీలో చూసి జడుసుకున్నవాళ్ళు సెట్టుకొచ్చి వేలితో పొడిచి, "ఓస్, ఇంతేనా!" అని వెళ్ళిపోతారు.

పెద్దాయన కూర్చునే సింహాసనం వెనక ఒక మనిషి ముడుచుకుని కూర్చునేంత చోటుంది. సెట్టులో అందరూ బాబాయి అని పిలిచే ఈయన ఉద్యోగం అక్కడే. పీట మీద కూర్చుంటాడు. ఒళ్ళో చిన్న పెట్టె, దానికి ఫ్యాను రెగ్యులేటర్ లాంటి గుండ్రటి మీట. అటు తిప్పితే ఎర్ర అద్దాల వెనక రెండు బల్బులు వెలుగుతాయి, ఇటు తిప్పితే ఆరిపోతాయి. చేతులు కదిపేవాళ్ళు వేరే ఉన్నారు, గొంతు తరవాత ఇంకెవరో ఇస్తారు. చూపు మాత్రం బాబాయిది.

ఈ రోజు ఆఖరి రోజు. ఛానెల్ వాళ్ళు సీరియల్ ఆపేశారు. యుద్ధం సగంలో ఉండగానే "ఇక చాలు, ముగించెయ్యండి" అని కబురొచ్చింది. ఇంకా బోలెడు అఘాయిత్యాలు చెయ్యాల్సిన పెద్దాయన, ఈ మధ్యాహ్నం భోజనాలయ్యాక చచ్చిపోవాలి.

దీనికంతటికీ కారణం తనేనని బాబాయి నమ్మకం. ఊరికే నమ్మలేదు, ఆయన లెక్క ఆయనకుంది.

మీసం మొలవకముందు లైట్లు మొయ్యడానికి వచ్చాడాయన. మోసి మోసి కుడిభుజం ఎడమదానికంటే దిగిపోయింది. వేడి లైట్లు తగిలి కాలి కాలి కుడిచేతి బొటనవేలు తోలుముక్కలా తయారైంది, ఇప్పుడు దానికి వేడీ తెలీదు, చల్లనా తెలీదు. పెళ్ళిళ్ళలో బంధువులు "ఇంతకీ నువ్వు ఏ సీన్లో ఉంటావోయ్?" అని ఎకసెక్కాలాడితే, "వెలుతురున్న ప్రతి సీన్లోనూ నేనే" అని నవ్వేసేవాడు. పని నేర్పిన గురువు మొదటిరోజే నెత్తిన మొట్టి చెప్పాడు: "వేడి మీదున్న బల్బుని టక్కున ఆర్పకురా, దాని ప్రాణం పోతుంది. మెల్లగా దించు." ఆ మాట బుర్రలోంచి వేళ్ళలోకి దిగిపోయింది. ఇక ఆయన టక్కున ఆర్పాలనుకున్నా వేళ్ళు తొందరపడవు.

పెద్దాయన కళ్ళూ అలాగే మెల్లగా వెలిగించాడు, మెల్లగా ఆర్పాడు. సొరంగంలో చిన్నపిల్ల దొరికిపోయే సీన్లో కాగితం మీద 'కళ్ళు ఆరతాయి' అని మాత్రమే ఉంది. ఈయన బల్బుల్ని కాపాడుకున్నాడు. చూసేవాళ్ళకి మాత్రం, ఆ యంత్రం పిల్లని చూసి, మనసు చివుక్కుమని, కళ్ళు మూసుకున్నట్టు కనపడింది. ఇంకేముంది! జనం పెద్దాయన వైపు తిరిగిపోయారు. ఆయన్ని చంపొద్దని ఫోన్లు. మనుషుల తరఫున తుపాకీ పట్టిన హీరోయిన్‌ని బజార్లో ఆపి, "ముసలాయన జోలికెందుకమ్మా?" అని చీవాట్లు. ఆఖరికి బాబాయి ఇంటావిడ కూడా కూర తరుగుతూ, "అంత సైన్యం ఉందన్న మాటేగానీ పాపం దానికి ఎవరున్నారండీ?" అని ముక్కు చీదింది. దాని వెనక కూర్చున్నది తను కట్టుకున్న మొగుడేనని తెలిసి కూడా!

సీరియల్ ఆగిపోయిందన్న రోజు మేకప్ గదిలో ఎవరో, "శత్రువు మీద జాలి పుట్టాక యుద్ధం ఎవడు చూస్తాడు?" అన్నారు. మామూలుగా అన్నారు, ఆయన్ని చూసి అనలేదు. కానీ ఆ మాట బాబాయి గుండెల్లో మేకై దిగబడింది. వడ్రంగి, దర్జీ, డ్రైవర్లు, టీ అక్క, ఇంతమంది నోటికాడి కూడు తన బొటనవేలు పడగొట్టింది. ఆ రోజు నుంచి ఆయనకి అన్నం సయించడం లేదు. ఈ సంగతి డైరెక్టరమ్మకి చెప్పకుండా ఇవాళ గేటు దాటితే ఇక జన్మలో నిద్రపట్టదని తేల్చుకునే వచ్చాడు.

భోజనాల వేళ ఆవిడ సొరంగం సెట్టు మెట్ల మీద ఒంటరిగా కూర్చుని తింటోంది. బాబాయి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, ఒక మాట."

"చెప్పు బాబాయ్. కూర్చో ముందు."

కూర్చోలేదు. "సీరియల్ నావల్లే ఆగిపోయిందమ్మా."

ఆవిడ ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. ఆయన ఇక ఆగలేదు. గురువు మాట, బల్బులు, చిన్నపిల్ల సీను, ఇంటావిడ ఏడుపు, మేకప్ గదిలో మాట, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. "బల్బులు మాడిపోతాయని మెల్లగా దించానమ్మా. అది జాలిగా కనపడుతుందని నాకేం తెలుసు? అందరి పొట్టా కొట్టాను."

డైరెక్టరమ్మ ఆయన మొహంలోకి చూసింది. పెదవి బిగబట్టింది. ఇక ఆపుకోలేక పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ పొలమారింది. బాబాయి కంగారుపడి మాడు మీద తట్టి, నీళ్ళు అందించాడు.

"నువ్వు నాలుగోవాడివి బాబాయ్!"

"దేనికమ్మా?"

"ఈ హత్య నేనే చేశానని పొద్దున్నుంచి లొంగిపోయినవాళ్ళలో! మేకప్ ఆయనొచ్చి, విగ్గులు సరిగ్గా అతకలేదు, అందుకే జనం నవ్వుకుని మానేశారన్నాడు. హీరోయిన్ తనకి ఏడుపు రాకపోవడం వల్లేనని నా భుజం మీద పడి ఎంత బాగా ఏడ్చిందనుకున్నావ్! ఆ ఏడుపేదో కెమెరా ముందు ఏడిస్తే ఎంత బాగుండేది? టీ అక్క అయితే మరీ ఘోరం. మన సీరియల్ వచ్చే టైముకి ఆవిడ రోజూ అవతలి ఛానెల్లో అత్తాకోడళ్ళ గొడవ చూస్తోందట. తనొక్కతీ చూడకే ఇది పోయిందని లెంపలేసుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే మీరంతా భుజాలు తడుముకుంటారేంటయ్యా?"

"మరెందుకు ఆగిపోయిందమ్మా?"

"ఛానెల్ చేతులు మారింది. కొత్తాయన ఈ టైములో వంటల పోటీ పెడతాడట. మన సీరియల్ ఆయన చూడనే లేదు బాబాయ్."

"ఒక్కరోజు కూడా?"

"ఒక్కరోజు కూడా. మొత్తం మనవాళ్ళనే వంటల పోటీకి రమ్మన్నారు. వడ్రంగి అప్పుడే పొయ్యిగట్లకి కొలతలు తీసుకుంటున్నాడు. నువ్వూ వెళ్తావా?"

బాబాయి అప్పుడు కూర్చున్నాడు. గుండెల మీద ఎవరో ఇన్నాళ్ళూ కూర్చుని, ఇప్పుడు లేచి వెళ్ళినట్టయింది. వెంటనే ఆయనకి తెలిసింది ఆకలి. మామూలు ఆకలి కాదు, వారం రోజుల ఆకలి.

"నేను రానమ్మా," అన్నాడు. "మోకాళ్ళు ఎప్పటినుంచో ఇక చాలని పోరుతున్నాయి. ఇంతమందిని ముంచి నేను తప్పుకోకూడదని బిగబట్టుకుని ఉన్నాను. ఎవరూ మునగలేదన్నారుగా, ఇక ఇంటికెళ్ళిపోతాను."

"ముందు తిను," అని ఆవిడ తన డబ్బా ఆయన ముందుకి జరిపింది. బాబాయి మొహమాటపడలేదు. అడుగు కనపడేదాకా తిన్నాడు.

"చివరి షాట్‌లో కళ్ళు టక్కున ఆర్పాలా అమ్మా, మెల్లగానా?"

"నీ ఇష్టం. బల్బుల సంగతి నాకేం తెలుసు?"

భోజనాలయ్యాక అందరూ ఎవరి చోట్లో వాళ్ళు నిలబడ్డారు. బాబాయి సింహాసనం వెనక దూరి, పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు. హీరోయిన్ తుపాకీ పేల్చింది. పెద్దాయన ఛాతీలోంచి పొగ లేచింది. బాబాయి మీట మీద వేలేసి, ఏ తొందరా లేకుండా, ఎన్నడూ లేనంత హాయిగా, మెల్లగా ఇటు తిప్పసాగాడు. పెద్దాయన మెడ సందులోంచి ఎదురుగా హీరోయిన్ మొహం కనపడింది. దాని మీద పడ్డ ఎర్రటి వెలుగు బుగ్గల మీంచి, గడ్డం మీంచి కొద్దికొద్దిగా తగ్గుతోంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు రాదని ఎవరన్నారో! వెలుగు పూర్తిగా పోయింది. డైరెక్టరమ్మ 'కట్' అంది.

బాబాయి బల్బులు విప్పి చూసుకున్నాడు. రెండూ బాగానే ఉన్నాయి. పెట్టె సామాన్ల గదిలో అప్పగించి, చేతులు కడుక్కుని, ఇంటికి ఫోన్ చేశాడు.

"పోయాడా?" అని భార్య గొంతు తగ్గించి అడిగింది.

"పోయాడు. సుఖంగా పోయాడు, నిద్రపోయినట్టు. నువ్వేం బెంగపెట్టుకోకు."

"మీ గొంతేంటి, అంత హుషారుగా ఉంది?"

"ఇంటికొస్తున్నా. అన్నం ఇంకాస్త ఎక్కువ వండు. రేపటి నుంచి రోజూ ఎక్కువే వండు."

చొక్కా తగిలించుకుని బయల్దేరాడు. అప్పటికే సెట్టు సగం ఖాళీ అయింది. వడ్రంగి కుర్చీలు మోసుకుంటూ, "వస్తా బాబాయ్, అప్పుడప్పుడు కనపడు" అన్నాడు. సరేనని చెయ్యూపి, గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగాడు. టీ అక్క అందరికీ ఆఖరి టీ ఇచ్చి, పళ్ళెంలో ఒక్క గ్లాసుతో సింహాసనం ముందు ఆగి ఉంది. అటూ ఇటూ చూసింది. గ్లాసు పెద్దాయన మోకాలి మీద పెట్టి, గబగబా రెండు లెంపలూ వేసుకుని, పళ్ళెం చంకలో పెట్టుకుని పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది. బాబాయి చూడనట్టే గుమ్మం దిగాడు.

ఆయన గేటు దాటేసరికి, సగం రంగు ఊడిన ఆ థర్మకోల్ మోకాలి మీద, గ్లాసులో టీ ఇంకా కాస్త పొగలు కక్కుతూనే పైన పల్చగా మీగడ కడుతోంది.