మోగని డిటెక్టరు

ఆయుధపూజనాడు తన పనిముట్లకు మ్రొక్కని శ్రామికుడు మన సీమలో అరుదు. ఆ భక్తి ఉత్తమమైనది. దానికి తోడుగా ఉండవలసిన ఎరుక లోపించిననాడు ఏమి జరుగగలదో పాఠక మహాశయులు ఆలోచించవలెనని ఈ కథ.

అది 2006వ సంవత్సరం. డోన్ శివారులోని నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో మహానవమి పూజ ముగిసింది. పదకొండు గంటలలోపు యంత్రాలు తిరగాలని యజమాని ముహూర్తం పెట్టించాడు. సరిగ్గా అప్పుడే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫ్యూజు కాలిపోయింది.

ఎలక్ట్రీషియన్ గిడ్డయ్య కరెంటు ఆపడానికి లైను స్విచ్ కిందికి లాగి, కొత్తగా కొన్న డిటెక్టరును పైకెత్తాడు. పొడవైన కర్ర చివర ఉండే ఆ పరికరం తీగను తాకకుండానే దాని చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రాన్ని పసిగట్టి మోగుతుంది. గిడ్డయ్య ఉదయమే దానికి తలనుండి పిడిదాకా కొబ్బరినీళ్లతో కలిపిన పసుపు పట్టించాడు. అది ఇంకా ఆరలేదు.

“మోగల్యా నాయనా?” అన్నాడు అతని కొడుకు ఉమామహేశ్, కొత్త ఫ్యూజు వేయడానికి నిచ్చెన మీద కాలు పెట్టి.

“మోగల్యా. బిరీన ఎక్కు. టైము అయితాండాది.”

విద్యుత్ శాఖలో పదవీ విరమణ చేసి, ఇక్కడ పర్యవేక్షకుడిగా ఉన్న దావీదురాజు అటుగా వచ్చాడు.

“ఏమప్పా గిడ్డయ్యా, ముందు కరెంటు ఉండే తీగ కాడ పెట్టి చూసినావా?”

“నిన్న చూసినా సార్. శానా బాగ మోగింది.”

“నిన్న మోగిందని ఈ పొద్దు కొడుకును ఎక్కిస్తాండావా? ఉమా, దిగు.”

“దిగితే ముహూర్తం పోతాది సార్,” అన్నాడు ఉమామహేశ్.

“నువ్వు పోకుంటే చాలు. దిగు.”

గిడ్డయ్య డిటెక్టరును స్విచ్చుకు అవతల, తప్పక కరెంటు ఉండే తీగ దగ్గరికి చేర్చాడు. అక్కడా మోగలేదు. పొడిగుడ్డతో పసుపునంతా తుడిచి మళ్లీ ఎత్తగా, అది గట్టిగా మోగింది. ఈసారి కొడుకు పట్టుకోబోయిన తీగ దగ్గరికి తెచ్చాడు. అక్కడా మోగింది. స్విచ్‌లో ఒక్కో తీగను విడదీసే మూడు లోహపు కత్తుల్లో నడిమిది బయటికి రానేలేదు; ఆ తీగలో కరెంటు ఆగలేదు.

గిడ్డయ్య డిటెక్టరును కిందికి దించాడు. “నా నోటితోనే ఎక్కమంటి గద సార్.”

“తడి పసుపు నీ చేతిదాకా దిగి, డిటెక్టరు లోపలికి పోవాల్సిన విద్యుత్ క్షేత్రాన్ని అడ్డుకునింది,” అన్నాడు దావీదురాజు. “దాంట్లో బ్యాటరీ సెల్లు అయిపోయినా మోగదు. పక్కన ఇనుము అడ్డమున్నా మోగకపోవచ్చు. మోగితే కరెంటు ఉండాదని నమ్ము. మోగకుంటే లేదని మాత్రం నమ్మొద్దు. వాడేముందు, వాడినాక కరెంటు తీగ కాడ చూడాల. ఆపైన తీగను భూమికి కలిపినాకే మనిషి ఎక్కాల.”

సబ్‌స్టేషనుకు ఫోన్ చేసి లైను ఆపించారు. అంతా ఆ క్రమంలోనే చేశాకే ఉమామహేశ్ నిచ్చెన ఎక్కాడు. అప్పటికి పన్నెండు దాటింది.

“ముహూర్తం పాయ గదప్పా,” అన్నాడు యజమాని చిరాకుగా.

గిడ్డయ్య కొడుకు పాదాల మీదినుండి చూపు తిప్పలేదు. “పోనీండి సార్. వాడు దిగినాక మాట్లాడదాం.”

పరికరం ఏది చెప్పగలదో, ఏది చెప్పలేదో తెలిసికొని వాడుటయే దానికి మనం చేయదగిన నిజమైన పూజ.