ఊదా దీపాల కింద కాఫీ మొలకలు

భీమన్న బావ తెల్లారేసరికల్లా కటింగ్ ప్లేయర్ పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. వెనక మరో నలుగురు. నేను అప్పుడే పొయ్యి రాజేస్తున్నాను. ఆ ప్లేయర్ చూడగానే పుల్ల అలాగే వదిలేసి లేచాను.

"నీ కూతురు గుంటనిలగ పిలు. పశువుల శాలకెళ్లే వైరు కత్తిరించెత్తాను," అన్నాడు.

"ఏటి బావా, అదేటి సేసినాదని?"

"ఏటి సేసినాదా? నిన్న సందేళ మా ఇంట్లో బలుపు మిణుగురు పురుగయిపోనాది. ఊరంతటికీ ఉన్నది బుడ్డి ట్రాన్స్‌ఫార్మరొకటి. నీ కూతురు ఆరొందల వాట్ల దీపాలు రెండు ఏలాడగట్టినాది. దాని మీదే రాసుందట. కిందటేడు కాలిపోతే ఎన్నాళ్లు సీకట్లో పడున్నామో మర్సిపోనావా?"

మర్చిపోలేదు. ఆ భయంతోనే నేను రోజూ పడుకుంటున్నాను.

మాది చింతపల్లికి పైన కొండ మీద గూడెం. నా కూతురు బేబి పాడేరులో డిగ్రీ మధ్యలో ఆపేసి వచ్చి కాఫీ నారు పెంచుతోంది. అంతకుముందు చలికాలం ఆరుబయట పోసిన నారంతా మంచుకు నల్లగా మాడిపోయింది. అందుకని 2009లో పశువుల శాల ఖాళీ చేసి, గోడలు మూసి, ట్రేలలో మట్టి నింపి లోపల విత్తింది. విత్తనం ఊరందరిదీ. మా దగ్గర ఒక ఇంటి గింజ ఇంకో ఇంటి గింజతో కలపరు. ఎవరి చెట్టు గింజ వాళ్లకే మొలవాలి. అందుకే ప్రతి ట్రేకీ ఆ ఇంటివాళ్ల చీర పేలికో లుంగీ పేలికో కట్టి ఉంటుంది. శాలలోకి ఎండ రాదు కాబట్టి విశాఖపట్నం నుంచి సర్వేశ్వరరావు అనే ఆయన ఎల్ఈడీ దీపాలు తెచ్చి అమ్మాడు. ఊదా రంగు వెలుగు. ఎండకి బదులు అదే అన్నాడు.

ఆ వైరు కోస్తే ఊరందరి మొలకలూ చీకట్లో కుళ్లిపోతాయి. వానలకి నాటడానికి ఎవరికీ మొక్క ఉండదు.

"నీ ట్రేలు కూడా లోపలే ఉన్నాయి కదా బావా," అన్నాను.

"నా మొలకల సంగతి నాకొదిలెయ్. సావనీ."

ఈలోగా బేబి బయటకు వచ్చింది. "ముట్టుకోండి పెద్దయ్యా, చూద్దాం," అంది. దాని గొంతులో నాకు వాళ్ల నాన్న మొండితనం వినబడింది. ఆయన కూడా అలాగే అని సిల్వర్ ఓక్ చెట్టెక్కాడు, దానికి పాకిన మిరియం కొయ్యడానికి. దిగలేదు, పడ్డాడు. అప్పటినుంచీ ఎవరైనా గట్టిగా మాట్లాడితే నాకు చెట్టు మీంచి మనిషి పడుతున్నట్టే ఉంటుంది.

భీమన్న వైరు మీద చెయ్యి వెయ్యబోయాడు. ముట్టుకుంటే కరెంటు కొట్టి వాడు పోతాడు, వాడు పోతే నా కూతుర్ని జైల్లో వేస్తారు. ఒక్క క్షణంలో ఇదంతా నా కళ్ల ముందు జరిగిపోయింది.

"ఆగు బావా! ముందు మీటరు సూడు," అని అరిచాను.

మీటరు సంగతి నాకెందుకు తెలుసంటే, దీపాలు వచ్చినప్పటినుంచీ సందేళ అవగానే నేను దాని ముందే నిలబడుతున్నాను. అద్దం వెనక వెండిరంగు చక్రం తిరుగుతుంది, దాని అంచుకి నల్లటి గుర్తు ఉంటుంది. చక్రం జోరందుకుంటే మంట పుడుతుందని నా భయం. కాని అది ఎప్పుడూ పరిగెత్తలేదు. మీటరు పాడయిందేమో, కరెంటు దొంగతనం అని కేసు రాస్తారేమో అని ఇంకో భయం పట్టుకుంది. బేబికి చెప్తే కసురుకుంటుందని చెప్పలేదు.

ఇంట్లో అన్నీ ఆపేశాను. చక్రం ఆగిపోయింది. అందరూ మెడలు సాచి చూశారు. మా వంటింటి బల్బు వేశాను. పాతకాలం వంద వాట్ల బల్బు. నల్ల గుర్తు తీరిగ్గా వచ్చి తీరిగ్గా వెళ్లింది. బల్బు ఆపి, శాలలో ఒక దీపం వెయ్యమన్నాను. గుర్తు మళ్లీ అలాగే వచ్చింది. అదే నడక. రెండో దీపం కూడా వేస్తే కాస్త వేగం పెరిగింది, అంతే.

"ఇదేనా ఊరి కరెంటు తాగేత్తన్నది?" అన్నాను.

పక్కింటి గంగ నోరు ఊరికే ఉండదు. "మరి నీ కాయిల్ పొయ్యి మాటేటి బావా? నీ కాళ్లకి ఎచ్చగుండాలని మా బలుపులు ఆరిపోతన్నాయా?" అంటూ గబగబా భీమన్న ఇంట్లోకి వెళ్లి, మట్టి పళ్లెంలో తీగచుట్ట బిగించిన పొయ్యి పట్టుకొచ్చేసింది. భీమన్న పెళ్లాం వెనకాలే తిట్టుకుంటూ వచ్చింది. మా ప్లగ్గులోనే పెట్టాం. తీగ ఎర్రబడింది. చక్రం మీద నల్ల గుర్తు ఎక్కడుందో కళ్లకి అందలేదు.

"బేగి ఆపండే! నా మీటరు పేలిపోతాది," అని నేనే లాగేశాను.

భీమన్నతో వచ్చిన ఆ నలుగురిలో ఇద్దరి ఇళ్లలో కూడా అలాంటి పొయ్యిలు ఉన్నాయి. అది అందరికీ తెలుసు, ఎవరూ అనరు. భీమన్న ప్లేయర్ జేబులో పెట్టుకున్నాడు. తగ్గాడనుకున్నాను. తగ్గలేదు, నవ్వాడు.

"అయితే బేబమ్మా, ఆరొందలని రాసి వందే ఇచ్చినాడన్నమాట. డిగ్రీ సదివినావు గదా, పట్టణపోడు నీ నెత్తిన టోపీ ఎట్టీసినాడు."

అందరూ నవ్వారు. గంగ కూడా నవ్వింది. బేబి ముఖం మాడిపోయింది. విసురుగా శాలలోకి వెళ్లిపోయింది. నేను వెనకాలే పరిగెత్తాను.

"ఊరందరి ముందూ నా పరువు తీశావు," అంది నా వైపు చూడకుండా.

"వైరు నిలబడింది కదే!"

"వైరు నిలబడితే ఏటి? వంద వాట్ల వెలుగుకి మొక్కలు నిలబడవు. చూడు."

చూశాను. నేల మీద వరసగా ట్రేలు. మొలకలన్నీ దారప్పోగుల్లా సాగి, తెల్లబారి, ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. ఎత్తుగా ఎదుగుతున్నాయని ఇన్నాళ్లూ మేం మురిసిపోయాం.

దీపాలు పైన దూలానికి ఉన్నాయి. ఆరువందల వాట్లంటే నిప్పే కదా అనుకున్నాం. మేం పొయ్యి మీద దూలానికి విత్తనం కంకులు కట్టేటప్పుడు లెక్క ఒకటి ఉంటుంది: పొగ తగలాలి, సెగ తగలకూడదు. బేబి ఆ లెక్కనే తిరగేసి, మొలకలకి సెగ తగలనంత పైన దీపాలు కట్టింది. సర్వేశ్వరరావు కూడా బాగుంది బాగుంది అన్నాడు.

బేబి అతనికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"ఆరువందలు కరెక్టేనమ్మా," అన్నాడు. "దాంట్లో నూటఇరవై బీడ్లు, అంటే గింజంత బల్బులు. ఒక్కోటీ ఐదు వాట్లది. మీరే గుణించుకోండి."

"మీటర్లో వందే తిరుగుతోంది కదండీ."

"బీడు ఐదు వాట్లు తట్టుకోగలదు. తట్టుకోగలదని అంతా ఇచ్చేస్తే మాడిపోదూ? వందిచ్చినా ఆరువందల బల్బంత పనిచేస్తుంది. ఎల్ఈడీ అంటే అదే మరి."

"నా మొక్కలు సాగిపోయి వాలిపోతున్నాయి. కిందకి దింపనా?"

"దింపి మాడిపోతే నాకు సంబంధం లేదు. కొండవాళ్లకి ఇస్తే ఇదే గోల," అని పెట్టేశాడు.

బేబి ఫోన్ విసరబోయి ఆగింది. నేను అక్కడ ఊరికే నిలబడలేక, ఏదో ఒక పని కల్పించుకుని, మూల కట్టెల మోపు మీదున్న ట్రే దించబోయాను. కింద చోటు చాలక ఒకే ఒక్క ట్రే అక్కడ పెట్టాం. దీపానికి దాదాపు ఆనుకుని ఉంది. దానిలో మొలకలు పొట్టిగా ఉండిపోయాయి. సెగ తగిలి గిడసబారాయి, పారేద్దాం అని నేను రెండుసార్లు అన్నాను కూడా.

"ఉండమ్మా," అంది బేబి. ట్రే వెలుతురులోకి లాక్కుని చూసింది. కాండం పెన్సిల్ ములుకంత గట్టిగా ఉంది. ఆకు ముదురు పచ్చగా, వెడల్పుగా విచ్చింది. "ఇవి గిడసబారలేదు. కాఫీ మొలక ఇలాగే ఉండాలి. సరిగ్గా ఉన్నవి ఇవి మాత్రమే."

నేను దీపం కింద అరచెయ్యి పెట్టాను. కాలుతుందని కళ్లు మూసుకుని పెట్టాను. గోరువెచ్చగా కూడా లేదు. చెయ్యి కిందకి దించుతూ పోతే వెలుగు పలచబడిపోయింది. నేల దగ్గరికి వచ్చేసరికి చేతి మీద ఊదా రంగు మరకలా ఉంది, అంతే.

"మీటరు దీపం ఎంత తిన్నాదో చెప్తుంది," అంది బేబి. "ఆకు మీద ఎంత పడిందో చెప్పదు."

తాళ్లు విప్పి దీపాలు రెండూ మొలకల నెత్తికి జానెడు ఎత్తులోకి దింపాం. దింపాక తెలిసింది అసలు కష్టం. పైనున్నప్పుడు శాలంతా ఊదాగా వెలిగేది. ఇప్పుడు ఒక్కో దీపం కింద చిన్న మంచమంత జాగాలోనే వెలుగు. ట్రేలలో సగం కూడా పట్టవు.

ఎవరివి ఉంచాలి, ఎవరివి తీసెయ్యాలి?

"భీమన్నవి ముందు తీసెయ్," అన్నాను. ఇందాకటి మంట నాలో ఇంకా చల్లారలేదు.

బేబి వినలేదు. ప్రతి పేలికా చూసి, ఇంటికి ఒక్కో మంచి ట్రే దీపం కింద పెట్టింది. మిగిలినవి ఎవరివి వాళ్లు తీసుకుపోండి, పగలు ఎండలో పెట్టి సందేళ లోపలికి తెచ్చుకోండి అని ఊరంతా తిరిగి చెప్పింది. ఎన్ని మాటలు పడ్డాదో. గంగ కూడా "మోసపోయింది నువ్వు, మోసేది మేమా?" అంది. అయినా తిట్టుకుంటూనే అందరూ వచ్చి తీసుకుపోయారు.

భీమన్న రాలేదు. బేబి తీసుకెళ్లి ఇస్తే ట్రేలు గోడ మీద పెట్టించి, "నాను పెంపకానికిచ్చినాను, తిరిగి తీసుకోడానిక్కాదు," అని తలుపేసుకున్నాడు.

పొద్దు వాలింది. పొగమంచు లోయలోంచి పైకి పాకుతోంది. ఆ గోడ మీద ట్రేలు అలాగే ఉన్నాయి. తెల్లారేసరికి నల్లబడతాయి. అప్పుడు పంచాయతీ పెడతాడు, మా గింజ చంపేశారంటాడు, మళ్లీ ఆ ప్లేయర్ తీస్తాడు. నేను వెళ్లి వాటిని ఎత్తుకొచ్చి మా పొయ్యి వెనక గోడకి ఆనించి పెట్టుకున్నాను. జాలితో కాదు. వాడి ఒక్క మొలక చచ్చినా నా కూతుర్ని బతకనివ్వడని.

చలి తగ్గేదాకా పొద్దున బయట పెట్టాను, సందేళ లోపల పెట్టాను. వాలిపోయినవి కొన్ని పోయాయి. మిగిలినవాటికి కొత్త ఆకు వచ్చింది. దీపం కింద పెరిగినంత గట్టివి కావు, కాని పచ్చగా ఉన్నాయి.

ఓ సాయంత్రం భీమన్న మా వాకిలి ముందునుంచి పోతూ ఆగాడు.

"నా మొలకలేటయినాయి?"

"బతికే ఉన్నాయి. నీ కాయిల్ ఆపేసినావా?"

వాడు మా వంటింట్లో బల్బు వైపు ఒకసారి చూశాడు. అది మినుకుమినుకుమంటోంది, కాయిల్ ఇంకా ఎర్రగానే ఉందన్నమాట. తల తిప్పుకుని ఇంటికి పోయాడు. నేను లేచి, ఎప్పటిలాగే నా చక్రం ఎలా తిరుగుతోందో చూడ్డానికి మీటరు దగ్గరికి వెళ్లాను.