రెమీ చెప్పిన మాట

గిస్లేన్ బస్సు దిగేసరికి వీధిలో నరమానవుడు లేడు. వంతెన కింద వియెన్ నది మాత్రం నిండుగా, నింపాదిగా పారుతోంది. దాన్ని చూడలేక ఆమె ఎదురుగా ఉన్న రొట్టెల దుకాణంలోకి వెళ్లింది.

దుకాణం నడిపే ఆర్మెల్ నోరున్న మనిషి. రొట్టె కాగితంలో చుడుతూనే అందుకుంది.

"ఏం ఊరమ్మా ఇది, శ్మశానం నయం! ఎండాకాలమొస్తే నాకు కూర్చునే తీరికుండేదా? నిరుడు లిమోజ్ నుంచి ఎవడో కుర్రాడొచ్చి మునిగి చచ్చాడు. రేవు మూయించేశారు, మా నోట్లో మట్టి పడింది. అసలు వాణ్ణి కన్నవాళ్లననాలి. ఈతరాని పిల్లాణ్ణి ఏటికి పంపుతారా?"

గిస్లేన్ రొట్టె అందుకుంది. "స్నేహితులతో సినిమాకన్నాడు. ఏటికని చెప్పలేదు."

ఆర్మెల్ గల్లా వెనక నుంచి బయటికొచ్చింది. వెళ్లి తలుపు గొళ్లెం పెట్టింది.

"నా నోరు పడిపోను! లోపలికి రండమ్మా. మీ అబ్బాయి కోసం దూకింది మా ఆయనే."

రెమీ పెరట్లో బల్ల మీద కూర్చున్నాడు. ఆ రోజు తర్వాత అతను పడవెక్కలేదు, వల ముట్టలేదు. ఆమె ఎవరో భార్య చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"చెయ్యి దొరికిందమ్మా. దొరికిందే... జారిపోయింది."

ఏడాదిగా లోపల దొలిచేస్తున్న ప్రశ్న ఆ దూకిన మనిషిని అడగడానికే గిస్లేన్ ఇంతదూరం వచ్చింది.

"వాడు బాగా భయపడ్డాడా?"

రెమీ తన భార్య వంక చూశాడు. తర్వాత నేల వంక చూశాడు.

"లేదమ్మా. నిద్రపోయినట్టే వెళ్లిపోయాడు."

ఆమె కొడుకు తిబోకి నీళ్లంటే పసితనం నుంచీ ప్రాణభయం. స్నానం చేయించబోతే ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాడు. పదిహేనేళ్లొచ్చినా సముద్రంలో మోకాలి లోతు దాటి దిగలేదు. రెమీ చెప్పింది అబద్ధమని ఆమెకు తెలుసు. నిజం ఎంత ఘోరమో కూడా ఆ తల దించుకోవడంలోనే తెలిసిపోయింది.

"మీరు దూకారు. అంతే చాలండీ," అంది.

బస్సు వచ్చేదాకా ఆర్మెల్ ఆమె పక్కనే నిలబడింది. వెళ్లేటప్పుడు అలవాటుగా "మళ్లీ రండమ్మా" అనబోయి నాలుక్కరుచుకుంది.

ఇంట్లో భర్త గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. "ఆ దూకినాయన కలిశాడా? ఏమన్నాడు?"

"భయపడలేదట. నిద్రపోయినట్టే వెళ్లిపోయాడట."

కొడుకు సంగతి ఆయనకీ తెలుసు. అయినా నమ్మాడు. గోడకి తల ఆనించి, ఏడాదిలో మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చాడు. గిస్లేన్ ఆయన వీపు నిమురుతూ ఉండిపోయింది. ఆమెకు మాత్రం ఏడుపు రాలేదు.