విప్పకూడని దీపాలు

ఆ వీధిలో వాళ్ళ దుకాణాన్ని అందరూ చీకటికొట్టు అనేవారు. దీపాలు చేసే దుకాణానికి ఆ పేరేమిటని కొత్తగా కాపురానికొచ్చిన కోడలు ముక్కున వేలేసుకుంది. వారం తిరక్కుండానే సంగతి తెలిసింది. వాళ్ళు చేసేవి ఇళ్ళల్లో పెట్టుకునే దీపాలు కావు. మ్యూజియాల్లో పాత బట్టల మీద, బొమ్మల మీద, చేతిరాతల మీద మసకగా వెలిగే దీపాలు. అక్కడ వెలుతురు ఎంత తక్కువైతే పనితనం అంత గొప్ప.

ఇప్పుడు ఆ కోడలికి అరవై దాటాయి. అయినా మామగారు మొదటిరోజు చెప్పిన పాఠం ఆమెకు నిన్న విన్నట్టే ఉంటుంది.

"వెలుతురు మేకలాంటిదమ్మా. ఎరుపనీ లేదు, నీలమనీ లేదు, ఏ రంగు దొరికితే ఆ రంగు రోజుకింత మేసేస్తూనే ఉంటుంది. మన పని దాని మూతికి చిక్కం కట్టడం."

ఆ చిక్కం ఒక పల్చటి పొర. బల్బుకీ గాజుకీ మధ్య దాన్ని బిగిస్తే, కంటికి కనపడకుండా రంగుల్ని తినేసే కిరణాలు అక్కడే ఆగిపోతాయి. పొరను బ్లేడుతో కోసి బిగించేది మామగారూ, ఆమె భర్తా. డబ్బా లోపల నల్లకాగితం అంటించేది అత్తగారు. గాజు తుడిచేది కోడలు. ముందుగదిలో ఒకటే కిటికీ, దానికీ మందంపాటి తెర. తుడిచిన గాజు మీద వేలిగుర్తు ఉందో లేదో చూడాలంటే వీధి గుమ్మందాకా వెళ్ళి ఎండలో పట్టుకోవాలి. అలా ఎండలో నిలబడినప్పుడల్లా ఆమెకు ఒక సందేహం వచ్చేది. రంగులు పుట్టించిందీ ఆ సూర్యుడే, తినేదీ ఆ సూర్యుడే. దేవుడు ఇవ్వటమెందుకు, మళ్ళీ తీసుకోవటమెందుకు? ఒకసారి అత్తగారిని అడిగేసింది.

"దేవుణ్ణి అడగాల్సినవి నన్నడుగుతావేమే? ముందు ఆ గాజు సంగతి చూడు," అన్నారు అత్తగారు.

దీపం పూర్తయ్యాక ఆఖరి పని మామగారిది. మూత అంచు మీద కరిగిన లక్క పోసి, బొటనవేలు నీళ్ళల్లో ముంచి ముద్ర వేసేవారు. ఎప్పుడో ఒక మ్యూజియంలో ఎవరో బుద్ధిమంతుడు వెలుతురు చాలట్లేదని దీపం విప్పి పొర తీసి పారేశాడట. ఏడాది తిరిగేసరికి అక్కడున్న ఒక బొమ్మ ముఖం తెల్లబడిపోయిందట. అప్పటినుంచీ ఏ దీపమూ ముద్ర లేకుండా గుమ్మం దాటలేదు.

"కాలి కాలి ఆయన వేలికి గీతలే లేవు. అది ముద్రెలా అవుతుంది? ఎవరి వేలైనా ఒకటే," అని అత్తగారు ఎగతాళి చేసేవారు.

"గీతలు లేని వేలు ఊళ్ళో ఇంకెవరికుంది? అదే నా గుర్తు," అనేవారాయన.

ఒకసారి పెద్ద మ్యూజియం నుంచి కరెంటు పనివాడు వచ్చాడు. "అయ్యా, దీపాలు బిగించి ఆరేళ్ళయింది. ఒకసారి విప్పి లోపల చూడమంటారా?" అని అడిగాడు.

"చూడు, నీ ఇష్టం. కానీ ముద్ర విప్పిన క్షణం నుంచీ అది నా దీపం కాదు, నీది," అన్నారు మామగారు.

పాపం అతను టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. కోడలూ నవ్వింది. పుట్టింటికి రాసిన ఉత్తరంలో కూడా ఆ మాట గొప్పగా రాసుకుంది.

ఆ తర్వాత మూడేళ్ళకు అదే మ్యూజియంలో గోడలకు రంగులు వేయిస్తూ, అక్కడున్న పన్నెండు దీపాలనూ శుభ్రం చేసి పంపమని తిరిగి పంపారు. ఆ పొద్దున అత్తామామలిద్దరూ కళ్ళజోడు మార్పించుకోవడానికి వెళ్ళారు. ముద్రలు ఊడదీసి లోపల దుమ్ము దులిపి ఉంచమని, మళ్ళీ తను వచ్చి లక్క పోస్తానని మామగారు చెప్పి వెళ్ళారు. మొగుడూ పెళ్ళాలు పనిలో కూర్చున్నారు. ఆరు దీపాలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఏడోది తెరవగానే ఆమె భర్త చేతిలో కత్తి ఆగిపోయింది.

పొర ఉల్లిపొట్టులా పచ్చబడి, నిలువునా పగిలి ఉంది. బల్బు వెలిగించి కింద ఆ కిరణాల్ని కొలిచే మీటరు పెడితే ముల్లు ఆ చివరకు కొట్టుకుంది. పదకొండో దీపం కూడా అంతే.

"పొర అమ్మినవాడు జన్మంతా ఉంటుందన్నాడు కదండీ!" అంది ఆమె.

"వాడి జన్మో మన జన్మో అడగలేదు." నవ్వబోయి మానేశాడు. "ఇదిగో, కొత్తవి వేసేస్తాను. నాన్న వచ్చి ముద్ర వేస్తారు. ఆయనకి తెలియక్కర్లేదు."

"మ్యూజియంలో వీటి కింద ఏమున్నాయి?"

దీపాలతో వచ్చిన జాబితా తీసి చూశాడు. పదకొండో దీపం కింద రాతిపలక. దానికేం కాదు. ఏడో దీపం కింద చిన్నపిల్ల ఆకుపచ్చ పట్టుగౌను.

"డెబ్బైనాలుగేళ్ళు ఆయనకి," అన్నాడు భర్త. "ఆ ముద్ర తప్ప ఆయనకింకేముంది? చెబితే మంచం పడతారు."

"చెప్పకపోతే? ఇలాంటివి బయట ముప్పై ఒక్క చోట్ల ఉన్నాయి. రెండొందల దీపాలు. ఒక్కదాన్నీ ఎవరూ విప్పరు. విప్పొద్దన్నది మనమే."

అతను కొత్త పొర కోయటం మొదలుపెట్టాడు. ఆమె పగిలిన పొరను పళ్ళెంలో దాచిపెట్టింది. ఆ గంటా ఆమె మనసు మనసులో లేదు. పెద్దవాళ్ళ మనసు నొప్పించడం పాపమని చిన్నప్పటినుంచీ విన్నది. చూస్తూ ఊరుకోవడం పాపమా కాదా అని ఎవరూ చెప్పలేదు. దణ్ణం పెట్టుకుంది గానీ జవాబేమీ రాలేదు. ఆమెకు ఎప్పుడూ వెంటనే వచ్చేది కాదు.

సాయంత్రం మామగారు కొత్త కళ్ళజోడుతో లక్క కరిగించడానికి కూర్చున్నారు. ఆమె పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మామయ్యా, ఇది ఏడో దీపంలోది."

ఆయన పొరను రెండు వేళ్ళతో పట్టుకున్నారు. పొడిపొడిగా రాలింది. "మీటరు?"

"చివరిదాకా పోయింది."

"కింద ఏముండేది?"

"పిల్ల గౌను మామయ్యా. పట్టుది."

"ఎవడో విప్పి పాడుచేసుంటాడు లెండి," అన్నారు అత్తగారు గబగబా.

"లేదే. ముద్ర చెక్కుచెదరలేదు. పొద్దున నేనే చూశాను." లక్క గిన్నెను పొయ్యి మీంచి దించేశారు. "అదే కదా ఇప్పుడు గొడవ."

మర్నాడు కోడల్ని వెంటబెట్టుకుని బస్సెక్కి మ్యూజియానికి వెళ్ళారు. క్యూరేటరమ్మ ఆయన్ని చాలాకాలంగా ఎరుగును. చెప్పింది విని, మారుమాట్లాడకుండా గౌను తెప్పించి తెల్లటి బల్ల మీద పరిచింది. చేతికి గుడ్డ తొడుగు వేసుకుని, గౌను చేతి అంచు మడత మెల్లగా విప్పింది. మడత లోపల వాన వెలిసిన మర్నాటి ఆకు రంగు. పైన ఎండుగడ్డి రంగు.

మామగారు చాలాసేపు వంగి చూశారు. "ఇందులో నా వల్ల ఎంత?"

"చెప్పలేనండీ. మాకు వచ్చేసరికే కొంత వెలిసింది. సగం కావచ్చు, ఎక్కువే కావచ్చు." మడత తిరిగి సర్దుతూ అంది, "తప్పు మీ ఒక్కరిదే అనలేను. మా దగ్గరా మీటరుంది. మీ ముద్ర చూసి మేమెప్పుడూ కొలవలేదు."

ఆమె ఊరడించడానికే అన్నది. ఆ మాటే ఆయనకు ఎక్కువ తగిలిందని కోడలికి తెలిసింది. తిరుగుదారిలో బస్సులో ఆయన ఒకే ఒక్క మాటన్నారు. "ఏడేళ్ళ పిల్లదై ఉంటుంది. కదమ్మా?"

క్షమించడం దేవుడి చేతిలో పని. మేసేసిన రంగు తిరిగివ్వడం ఆయన చేతిలో కూడా లేదేమోనని ఆమెకు అనిపించింది. అనిపించినందుకు భయం కూడా వేసింది.

ఇంటికి రాగానే ఆయన కాళ్ళయినా కడుక్కోకుండా, "కాగితం తే అమ్మా. నా రాత ఎవరికీ అర్థం కాదు, నువ్వు రాయి," అన్నారు. "ముప్పై ఒక్క ఉత్తరాలు. ముద్ర పగలగొట్టి లోపల చూడండి. పొర పచ్చబడితే మార్చండి. ఎలా మార్చాలో కింద రాశాం. అంతే."

"నాన్నా, ఇది చదివాక ఇంకెవరైనా మన గుమ్మం తొక్కుతారా?" అన్నాడు కొడుకు.

"తొక్కకపోవచ్చురా. రాయమ్మా."

మార్చే పద్ధతి ఆమె రాసి చదివి వినిపించింది. ఆయన తల అడ్డంగా ఊపారు. "ఇది మనకి అర్థమవుతుంది. తెలియనివాళ్ళకి అర్థమవ్వాలి." లోపలికి చూసి కేకేశారు. "ఏమోయ్, ఇలా రా!"

అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. ముప్పై ఏళ్ళుగా నల్లకాగితం అంటించడమే తప్ప పొర ఆవిడ ముట్టుకుని ఎరగరు. కాగితం, దీపం, కొత్త పొర ఆవిడ ముందు పెట్టారు.

"ఎవరూ నోరెత్తకండి. కాగితం చూసి అదే చెయ్యాలి."

"'కుడిపక్క మర విప్పాలి.' ఎవరి కుడి? నాదా, దీపానిదా?"

"కొట్టేసి మళ్ళీ రాయమ్మా."

"'పొరను జాగ్రత్తగా అమర్చాలి.' జాగ్రత్తగా అంటే? నేనెప్పుడు అజాగ్రత్తగా చేశాను?"

కొడుక్కి నవ్వాగలేదు. "నువ్వు నవ్వకురా!" అని కసిరి, ఆవిడ పొరను తలకిందులుగా పెట్టేశారు. కోడలు మళ్ళీ రాసింది. మూడోసారి గాజు జారింది. నాలుగోసారి పొర ముడత పడింది. ఐదోసారి ఆవిడ కాగితంలో వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ, ఒక్కో మాటా చదివి ఒక్కో పనీ చేసి మూత బిగించారు. బల్బు వెలిగించి కింద మీటరు పెట్టారు. నలుగురూ వంగి చూశారు.

ముల్లు కదల్లేదు.

"ఇంతేనా?" అన్నారు అత్తగారు నడుం మీద చెయ్యి పెట్టుకుని. "ఈ మాత్రం దానికా ముప్పై ఏళ్ళు నన్ను దగ్గరికి రానివ్వలేదు?"

మామగారు కొత్త కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంతేనే," అన్నారు. "ఇంతేనని నలుగురికీ తెలిసిపోతుందనే."

అంత మొహమాటంగా, అంత తేలిగ్గా ఆయన మాట్లాడటం కోడలు అంతకుముందెన్నడూ వినలేదు. కాగితాల కట్ట దగ్గరికి లాక్కుని, అత్తగారికి అర్థమైన ఆ ఐదో కాగితాన్ని చూసి మొదటి ఉత్తరం ఎత్తిరాయడం మొదలుపెట్టింది.