తప్పిపోయిన తొమ్మిది నిమిషాలు

ఆదోనిలో జిమ్ములకు కొదవ లేదు గానీ, ఆడవాళ్లు ధైర్యంగా అడుగుపెట్టే జిమ్ము సుధాకర్‌ది ఒక్కటే. అందులోనైనా వచ్చేది ఇద్దరే ఇద్దరు, పల్లవి, ఆమె స్నేహితురాలు శిరీష. పల్లవి పెళ్లికి ముందు జిల్లా పరుగు పందేల్లో పతకాలు తెచ్చిన పిల్ల. పెళ్లయినా ఆ కాళ్లు ఊరుకుంటాయా? పొద్దున్నే ఆడవాళ్లకని ఒక బ్యాచ్ పెట్టి తానే నేర్పించాలని ఆమె కోరిక. ఆ మాట సుధాకర్ చెవిలో ఏడాదిగా ఊదుతూనే ఉంది. ఆయన చివరికి విసిగి ఒక పరీక్ష పెట్టాడు. జనవరి ఆఖర్న ఎమ్మిగనూరులో జతల పోటీ ఉంది, దాన్ని గంటన్నర లోపల ముగించి వస్తే బ్యాచ్ ఆమెది. రాకపోతే ఆ ఊసు మళ్లీ ఎత్తకూడదు.

ఆ పోటీ మామూలు పరుగు పందెం కాదు. ఒక కిలోమీటరు పరుగెత్తాలి, ఒక బరువు పని చెయ్యాలి. మళ్లీ కిలోమీటరు, మళ్లీ ఇంకో పని. అట్లా ఎనిమిది పరుగులు, ఎనిమిది పనులు. బరువు బండి తొయ్యడం, దాన్నే తాడుతో లాగడం, రెండు చేతుల్లో రెండు ఇనుప దిమ్మెలు మోసుకుని నడవడం, ఇసుక మూట భుజాన వేసుకుని మోకాలు వంచుతూ సాగడం, ఇట్లాంటివి. పరుగు ఇద్దరూ కలిసి పరుగెత్తాలి, పని మాత్రం ఇద్దరూ పంచుకోవచ్చు. మనిషికి ఇన్ని కష్టాలు ఒక్కచోట ఎవరు కుప్పపోశారో గానీ, డబ్బు కట్టి మరీ పోటీకి వచ్చేవాళ్లున్నారు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా, నవంబరు మొదట్లో శిరీష మెట్ల మీద కాలు మెలిపెట్టుకుంది. కట్టు వేసిన డాక్టరు మూడు నెలలు పరుగన్న మాట తలవొద్దన్నాడు. పల్లవి ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కలపకుండా చూస్తూ ఉండిపోయింది. అత్త భీమక్క అప్పుడే పత్తి తీసే పని నుంచి వచ్చి, కొంగుతో మొహం తుడుచుకుంటూ సంగతేమిటని అడిగింది. నలభై ఆరేళ్ల మనిషి, ఎండకు మాడి గట్టిపడిన ఒళ్లు. పల్లవి ఎనిమిది పనులూ ఒక్కొక్కటే వేళ్లు మడుస్తూ చెప్పింది.

భీమక్క అంతా విని, "ఇదంతా నేను దినామూ సేసే పనే గదమ్మీ. దీనికి మళ్లా పోటీ ఎందుకు పెట్టినారు?" అంది.

పల్లవికి మొదట నవ్వొచ్చింది. నవ్వుతూనే అత్త భుజాల వైపు చూసింది, మోకాళ్ల వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది. ఆ రాత్రే శిరీష పేరు తీసి అత్త పేరు రాయించమని సుధాకర్‌కు ఫోను కొట్టింది. ఆయన ఎగతాళిగా ఏదో అన్నాడు గానీ అది మనకెందుకు.

మరుసటి రోజు నుంచి చూడాలి తమాషా. తెల్లారకముందే అత్తాకోడళ్లు మునిసిపల్ స్కూలు మైదానంలో పరుగు. మొదటి వారం భీమక్క చీర కుచ్చెళ్లు పైకి దోపి పరుగెత్తింది. రెండో వారం తన కొడుకు, అదే పల్లవి మొగుడు, జోయల్‌ది ట్రాక్ ప్యాంటు ఒకటి తొడుక్కుని బయటికొస్తే కాలనీ అంతా వాకిళ్లలోకొచ్చి నవ్వింది. ఆమె వాళ్లందరికీ చెయ్యి ఊపుకుంటూ పోయింది. పొలాలకు నడిచి నడిచి అరిగిన కాళ్లు, నెల తిరిగేసరికి కిలోమీటరు ఏడు నిమిషాలకు వచ్చాయి. ఏ బరువు ఎత్తబోయినా ముందు "స్తోత్రం ప్రభువా" అనేది. ఆ మాట అన్నాక బరువు పైకి లేవకపోవడమన్నది పల్లవి ఒక్కసారీ చూడలేదు.

డిసెంబరు మూడో వారంలో మొత్తం పోటీని మొదటి నుంచి చివరి దాకా చేసి చూశారు. పల్లవి లెక్కలో దిట్ట, ప్రతి పరుగుకూ ప్రతి పనికీ విడివిడిగా టైము రాసుకుంది. పరుగులన్నీ కలిపితే యాభై ఆరు నిమిషాలు. పనులన్నీ కలిపితే ముప్పై. కూడితే ఎనభై ఆరు. పల్లవి గుండె ఎగిరి గంతేసింది. తీరా స్టాప్‌వాచ్ చూస్తే తొంభై ఐదు.

తొమ్మిది నిమిషాలు ఎక్కడికి పోయాయి? రెండుసార్లు కూడింది, మూడుసార్లు కూడింది. పరుగులో లేవు, పనిలో లేవు. జేబుకు చిల్లు పడి జారిపోయినట్టు మధ్యలో ఎక్కడో పోయాయి.

జోయల్ ఆలూరు దారిలో షేర్ ఆటో తోలుతాడు. ఆ రోజు ట్రిప్పులు మానుకుని గోడ మీద కూర్చుని ఫోనులో వీడియో తీశాడు. మధ్యాహ్నం ముగ్గురూ నులకమంచం మీద కూర్చుని ఆ వీడియో చూశారు. దొంగ దొరికింది. ప్రతి పని దగ్గరా పల్లవి ముందుగా చేరి, తన వంతు ఎత్తి దించేసి, నీళ్ల సీసా దగ్గరికి పోతోంది. భీమక్క తన బరువు పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఒకచోట అర నిమిషం, ఒకచోట రెండు నిమిషాలు. పల్లవి ఒళ్లు మండింది. కొంచెం గట్టిగానే అడిగింది.

"ఆడ ఎందుకు నిలబడినావత్తా?"

"యాడ నిలబడినాను? నేను తయారుగానే ఉంటి," అంది భీమక్క, నిజంగా అర్థం కాక.

పల్లవి ఆ మాట పట్టించుకోలేదు. కోచ్ కావాలనుకునే మనిషి కదా, తప్పు కనబడితే దిద్దడమే పని అనుకుంది. రెండు వారాలు అత్తకు ఒంటరిగా బరువెత్తడం నేర్పించింది. మోకాలు ఇట్లా పెట్టు, నడుం అట్లా ఉంచు, ఆగొద్దు, చూడొద్దు, ఎత్తు. భీమక్క చెప్పినట్టల్లా చేసింది. తొంభై ఐదు తొంభై మూడుకు దిగింది. దాంతోపాటు భీమక్క నడుమూ పట్టేసింది. మామ ఏసన్న సాయంత్రం వేడినీళ్ల కాపడం పెడుతూ, మీ పోటీ మీరు గెలుస్తారో లేదో గానీ నా పెండ్లాన్ని నాకు నిటారుగా అప్పగించండి అన్నాడు. అందరూ నవ్వారు. పల్లవి మాత్రం గోడ వైపు తిరిగి కన్నీళ్లు తుడుచుకుంది. పోటీకి ఇంక ఇరవై రోజులే ఉంది.

నడుం పట్టేసినా పత్తి ఆగుతుందా? ఆలూరు దగ్గర ఒక చేనులో ఆఖరి తీత ఉంది. అత్తకు బదులు తానే పోతానంది పల్లవి. భీమక్క వింటేగా, ఇద్దరూ పోయారు.

సాయంత్రానికి పత్తిని బోరేల్లో, అంటే మనిషెత్తు గోనె సంచుల్లో, తొక్కి నింపి, చేను గట్టు మీద ఉన్న ట్రాక్టరు దాకా మొయ్యాలి. భీమక్క ఒక బోరెం ముందు నిలబడింది. తలకు చుట్టగుడ్డ పెట్టుకుంది. నడుం మీద చేతులు పెట్టుకుంది. అచ్చం వీడియోలో లాగే. పల్లవి అది చూసి ఇదేం ఖర్మరా అనుకునేలోపే, పక్క సాలులో ఉన్న రామమ్మ మాటా పలుకూ లేకుండా వచ్చి వంగింది. "స్తోత్రం ప్రభువా" అంది భీమక్క. బోరెం తల మీదికి చేరింది. భీమక్క వెనక్కి చూడకుండా నడిచిపోయింది. రామమ్మ తన బోరెం దగ్గరికి పోయి నిలబడింది. ఆమెకు ఇంకొకామె వచ్చింది.

పల్లవి ఒక అరగంట అట్లాగే చూసింది. ఇరవై మంది ఆడవాళ్లు, ఒక్కరు కూడా ఒంటరిగా ఎత్తలేదు. ఒక్కరు కూడా సాయం అడగలేదు. ఎవరైనా బరువు పక్కన నిలబడితే, దగ్గరున్న మనిషి వచ్చి చెయ్యి వేస్తుంది. చిన్నప్పుడే ఊరు వదిలి హాస్టల్లో చదివి, ఒంటరిగా పరుగెత్తి, ఒంటరిగా పతకాలు తెచ్చిన పిల్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని వాళ్లకు మాత్రం ఎట్లా తోస్తుంది?

ఆటోలో తిరిగొస్తూ పల్లవి ఫోను తీసి ఆ పాత వీడియో మళ్లీ చూసింది. ఈసారి అత్త కళ్ల వైపు చూసింది. ఆ కళ్లు దిక్కులు చూడడం లేదు. ప్రతిచోటా పల్లవినే చూస్తున్నాయి. అవతల పల్లవి వీపు తిప్పుకుని నీళ్లు తాగుతోంది. తొమ్మిది నిమిషాలూ తన వీపు వెనకే ఉన్నాయి. సిగ్గుతో ఆమెకు చెవులు కాలిపోయాయి. పక్కన భీమక్క ఆమె భుజం మీద తల వాల్చి హాయిగా నిద్రపోతోంది.

మరుసటి పొద్దున సుధాకర్ దగ్గరికి పోయి పోటీ నియమాల కాగితం అడిగి తీసుకుంది. బయటివాళ్లు చెయ్యి వెయ్యకూడదు. జతలో ఇద్దరూ మాత్రం ఒకరికొకరు అందించుకోవచ్చు. ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. ఇంటికొచ్చి అత్త ముందు కూర్చుని, తప్పు నాదే, నేను నేర్పించింది మర్చిపో, చేనులో ఎట్లా ఎత్తుతారో నాకు నేర్పు అంది. భీమక్క కోడలి మొహం చూసి, ఇంత చిన్నదానికి ఏడుస్తారా ఎవరైనా అని జడ పట్టి లాగింది.

అక్కడి నుంచి గురువు మారింది. ఇసుక మూటను నేల మీద దించి, మళ్లీ నేల నుంచి ఎత్తుకోవడమన్నది మానేశారు. ఒకరి భుజం నుంచి ఇంకొకరి భుజానికి, నడుస్తూనే. ఇనుప దిమ్మెలు చేతిలో నుంచి చేతిలోకి. పల్లవి ముందుకు పరుగెత్తి చేరడం మానేసి అత్త పక్కనే పరుగెత్తింది. భీమక్క నడుం నొప్పి వారంలో తగ్గిపోయింది. చివరి ప్రయత్నంలో తొంభై నిమిషాల ముప్పై సెకన్లు. ఇంకా అర నిమిషం ఎక్కువే.

పోటీ ఆదివారం వచ్చిపడింది. భీమక్క ముందురోజే పాస్టరుగారితో ప్రార్థన చేయించుకుని, ఆరాధనకు రాలేనని చెప్పి వచ్చింది. ఎమ్మిగనూరు కాలేజీ మైదానంలో జనమే జనం. పెద్ద పలక మీద ఎర్ర అంకెలు పరుగెత్తుతున్నాయి. సుధాకర్ ముగింపు గీత పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కర్నూలు నుంచి, బళ్లారి నుంచి వచ్చిన జతలు రంగురంగుల బట్టల్లో ఉన్నాయి. మనవాళ్లలో ఒకరిది జోయల్ ప్యాంటు.

బండి తోశారు, లాగారు. కప్ప గంతులు వేశారు. ఎక్కడా ఆగలేదు. ఒకరు దించేసరికి ఇంకొకరి చేతులు అక్కడ ఉన్నాయి. ఏడో పని ఇసుక మూట. పక్క వరుసలో ఒకామె మూట భుజం మీద నుంచి జారి కింద పడింది. ఆమె దాని పక్కన నిస్సహాయంగా నిలబడింది. పల్లవి చెయ్యి తనకు తెలియకుండానే అటు సాగింది. నెల కిందట అయితే ఆమె అటు చూసేది కూడా కాదు.

భీమక్క మూట మోస్తూనే కోడలి మణికట్టు పట్టుకుని, "ఆయమ్మకు జత ఉండాది. నాకు నువ్వే ఉండావు. రా," అంది.

పల్లవి భుజం వంచింది. మూట ఈ భుజం నుంచి ఆ భుజానికి వచ్చింది. ఆఖరి కిలోమీటరు ఎట్లా పరుగెత్తిందో ఆమెకు గుర్తు లేదు, పక్కన అత్త ఊపిరి చప్పుడు ఒక్కటే గుర్తుంది. చివరి పని గోడ మీది గుర్తుకు బరువు బంతి విసరడం, వందసార్లు. పల్లవి నలభైకి చేతులు లేవక ఆగిపోయింది. మిగిలిన అరవై భీమక్క విసిరింది. ట్రాక్టరు మీదికి బోరేలు విసిరిన చేతులకు ఆ గుర్తు ఎంత ఎత్తు! వందోది తగలగానే ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని గీత దాటారు.

ఎనభై తొమ్మిది నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు.

పల్లవి నేల మీద వెల్లకిలా పడి ఏడ్చింది, నవ్వింది, రెండూ కలిపి చేసింది. జోయల్ ఆటో హారను ఆపకుండా కొట్టి వాలంటీర్ల చేత తిట్లు తిన్నాడు. సుధాకర్ వచ్చి అత్తాకోడళ్లిద్దరికీ చేతులు జోడించాడు. బ్యాచ్ ఎల్లుండి నుంచే పెట్టుకోమన్నాడు.

మంగళవారం పొద్దున ఆరింటికి జిమ్ములోకి పదకొండు మంది ఆడవాళ్లు వచ్చారు. రామమ్మ వచ్చింది, కుంటుకుంటూ శిరీష కూడా వచ్చింది. పల్లవి కొత్త ఈల మెడలో వేసుకుని, స్టాప్‌వాచ్ చేతిలో పట్టుకుని, మొదటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలా అని తడబడుతోంది. భీమక్క నేరుగా పోయి ఇసుక మూట పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఏం చేస్తున్నావత్తా అని పల్లవి అడిగింది.

"నేను తయారుగానే ఉండా," అంది భీమక్క.

పల్లవి స్టాప్‌వాచ్ జేబులో వేసుకుని, పోయి చెయ్యి వేసింది.